గులాం అహ్మద్ – మిగిలిపోయిన ఒక బంతి

గెలుపు ఓటములు క్రీడకు రెండు కన్నుల వంటివి. శక్తికొలది ఆడి ఓడిన వానికి ఓటమిలో కూడా ఒక తృప్తి ఉంటుంది. కాని ఆట ముగియనున్న ఘడియలో, ఆటగాని చేతిలో లేని ఒక నిర్ణయం వలన ఫలితం తారుమారైతే కలిగే వేదన వేరు. అట్టి సంఘటనకు మైదానం నడుమ నిలిచి సాక్షి అయినవారు, అటు తరువాత పది సంవత్సరాల పాటు దేశం కొరకు బంతి పట్టినవారు, హైదరాబాదు క్రీడాకారులు గులాం అహ్మద్. నేటి విద్యార్థులలో పలువురు ఆయన పేరు వినియుండకపోవచ్చును. ఆ మహనీయుని జీవితాన్ని మన కళాశాల వార్షిక సంచిక ద్వారా పరిచయం చేయ సంకల్పించాము.

గులాం అహ్మద్ 1922 జూలై 4న హైదరాబాదులో జన్మించారు. ఆనాటి సంస్థానంలో క్రికెట్ ఆటకు మంచి ఆదరణ ఉండేది. 1937–38లో హైదరాబాదు జట్టు రంజీ ట్రోఫీని గెలుచుకొన్నది. ఆ విజయం జరిగిన రెండేళ్లకు, 1939–40లో, పదిహేడేళ్ల ప్రాయంలో గులాం అహ్మద్ ఆ జట్టులో ప్రవేశించారు. ఆయన ఆజానుబాహువు. చేతిని ఎత్తుగా లేపి ఆఫ్ స్పిన్ బంతులను వేసేవారు. కుడిచేతి వాటం బ్యాట్స్‌మన్‌కు వెలుపలి దిశలో నేలను తాకి, లోపలికి తిరిగే బంతి అది. వేగంతో భయపెట్టే విద్య కాదు, ఓర్పుతో వలపన్నే విద్య. ఒక్క వికెట్టు కొరకు గంటల తరబడి ఒకే చోట బంతిని వేయగలిగిన వానికే అది అబ్బుతుంది. 1950–51లో హోల్కర్ జట్టుతో జరిగిన రంజీ పోటీలో ఆయన ఒకే ఇన్నింగ్సులో తొంభైకి పైగా ఓవర్లు వేశారంటే ఆ ఓర్పు ఎంతటిదో మనం ఊహించుకొనవచ్చును.

ఆయన దేశపు జట్టులో అడుగుపెట్టిన కాలాన్ని కూడా మనం గుర్తుంచుకోవాలి. 1948 సెప్టెంబరు 17న హైదరాబాదు సంస్థానం లొంగిపోయి, భారత యూనియన్‌లో కలిసింది. మన మాక్లూరు, ఆర్మూరు గ్రామాలు కూడా ఆ సంస్థానంలోనివే. పాత పాలన పోయి కొత్త పాలన వచ్చిన ఆ నెలలలో అనేక కుటుంబాలు భయాందోళనలకు లోనైనాయి. కొందరు సరిహద్దు దాటిపోయారు, మరికొందరు ఇక్కడే నిలిచారు. నాలుగు నెలలైనా నిండకముందే, డిసెంబరు 31న కలకత్తాలో ఆరంభమైన టెస్టులో వెస్టిండీస్ జట్టుకు ఎదురుగా భారతదేశం తరఫున గులాం అహ్మద్ తొలిసారి బంతి అందుకొన్నారు. ఆ రోజులలో హైదరాబాదు యువకునికి అది ఎంతటి గౌరవమో, ఎంతటి బాధ్యతయో వేరుగా చెప్పనవసరం లేదు.

భారతజట్టు 1932 నుండి టెస్టులు ఆడుతున్నది. కాని 1949 ఆరంభం నాటికి ఒక్కదానిలోనూ గెలిచి ఎరుగదు. వెస్టిండీస్‌తో సాగుతున్న ఐదు టెస్టుల వరుసలో మొదటి మూడు సమంగా ముగిశాయి. మద్రాసులో జరిగిన నాలుగవ టెస్టులో వెస్టిండీస్ ఇన్నింగ్సు పైగా తేడాతో గెలిచింది. ఆ మద్రాసు ఆటలోనే మరొక వివాదం ఉన్నది. వరుసగా ఐదు సెంచరీలు సాధించి ఆరవదానికి చేరువైన ఎవర్టన్ వీక్స్ 90 పరుగుల వద్ద రనౌటుగా ప్రకటింపబడ్డారు. ఆ తీర్పు సరియైనది కాదని నాడు అనేకులు భావించారు. అనగా అంపైరు నిర్ణయం ఆ వరుసలో తొలుత గాయపరచినది మన ప్రత్యర్థినే. ఇది మరువరాదు.

చివరి టెస్టు ఫిబ్రవరి 4న బొంబాయిలోని బ్రాబోర్న్ స్టేడియంలో మొదలైంది. గెలిస్తే వరుస సమమగును, దేశానికి తొలి టెస్టు విజయం దక్కును. జాన్ గొడార్డ్ నాయకత్వంలోని వెస్టిండీస్ 286, 267 పరుగులు చేసింది. మొదటి ఇన్నింగ్సులో మనవారు 193 పరుగులకే పరిమితమయ్యారు. ఇక గెలవాలంటే 361 పరుగులు చేయాలి. ఆనాటికి అది కొండంత లక్ష్యం. విజయ్ హజారే 122, రూసీ మోడీ 86 పరుగులతో ఆ కొండను ఎక్కించారు. ఒకవైపు వికెట్లు పడుతున్నవి, మరొకవైపు గడియారం పరుగెత్తుతున్నది. వికెట్ కీపర్ ప్రబీర్ సేన్ గాయపడి ఉన్నారు. వెస్టిండీస్ వారు కావలెనని కాలయాపన చేస్తున్నారని ప్రేక్షకులలో ఆగ్రహం పెరిగింది. ఎనిమిది వికెట్లు పడిన తరువాత ఒక కొసన దత్తూ ఫడ్కర్, మరొక కొసన మన గులాం అహ్మద్ నిలిచారు.

స్కోరు 355కు చేరింది. విజయానికి కావలసినవి ఆరు పరుగులు. చివరి ఓవరులో ఐదు బంతులు పడ్డాయి, ఇంకొక బంతి మిగిలి ఉన్నది. గడియారంలో ఇంకా ఒకటిన్నర నిమిషం ఉన్నది. ఆ క్షణంలో అంపైరు జోషీ ఆట ముగిసినదని భావించి వికెట్లపై నుండి బెయిళ్లను తీసివేశారు. ఉద్వేగంలో లెక్క తప్పింది. బెయిళ్లు తీసిన తరువాత వెనుకకు పోవుట లేదు. ఆట సమంగా ముగిసినట్లు నమోదైంది, వరుస వెస్టిండీస్ పరమైంది. ఫడ్కర్ 37 పరుగులతో, గులాం అహ్మద్ 9 పరుగులతో అజేయులుగా తిరిగి వచ్చారు. ఆ ఒక్క బంతి పడి ఉంటే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు. సిక్సరు కొట్టి ఉండవచ్చును, వికెట్టు పడి ఉండవచ్చును. అన్యాయమంతా అక్కడే ఉన్నది. ఓడినందుకు కాదు, తేలవలసినది తేలకుండా పోయినందుకు.

ఈనాడు క్రీడలలో కెమెరాలు, కంప్యూటర్లు వచ్చాయి గనుక ఇట్టివి జరగవని అనుకొంటే పొరపాటు. 2021 డిసెంబరు 12న అబుదాబిలో జరిగిన ఫార్ములా వన్ కారు పందేన్ని చూడండి. ఆ సంవత్సరపు ఛాంపియన్‌షిప్‌లో అది చివరి పందెం. లూయిస్ హామిల్టన్, మాక్స్ వెర్‌స్టాపెన్ ఇద్దరూ సరిగ్గా 369.5 పాయింట్ల వద్ద నిలిచి బరిలోకి దిగారు. హామిల్టన్ ముందంజలో ఉండగా, పందెం ముగియవచ్చే వేళ ఒక కారు గోడకు గుద్దుకొన్నది. దానితో అన్ని కార్లూ రక్షణ కారు వెనుక నెమ్మదిగా సాగవలసి వచ్చింది. ఒక చుట్టు వెనుకబడిన కార్లలో ఆ ఇద్దరి మధ్య ఉన్న ఐదింటిని మాత్రమే ముందుకు పోనిచ్చి, పందెం నిర్వాహకులు మైకేల్ మాసి చివరి చుట్టుకు పోటీని తిరిగి తెరిచారు. కొత్త టైర్లతో ఉన్న వెర్‌స్టాపెన్ ఆ ఒక్క చుట్టులో హామిల్టన్‌ను దాటి విజేత అయ్యారు. హామిల్టన్ పక్షం చేసిన అభ్యంతరాలు ఆ రాత్రే త్రోసివేయబడ్డాయి. మరుసటి సంవత్సరం మార్చిలో వెలువడిన విచారణ నివేదిక అది మానవ తప్పిదమని, అయితే సద్భావంతోనే జరిగినదని పేర్కొన్నది. మాసి ఆ పదవి నుండి తప్పింపబడ్డారు. ఫలితం మాత్రం మారలేదు. బొంబాయిలో బెయిళ్లు, అబుదాబిలో కార్లు. యంత్రాలు ఎన్ని మారినా తీర్పు చెప్పే మనిషి మనిషిగానే ఉన్నాడు.

తిరిగి మన కథానాయకుని కడకు వద్దాము. బొంబాయిలో చేజారిన తొలి విజయం మూడేళ్లకు, 1952 ఫిబ్రవరిలో మద్రాసులో ఇంగ్లండుపై దక్కింది. వినూ మన్కడ్ పన్నెండు వికెట్లతో ఆ ఆటకు వీరుడు కాగా, రెండవ ఇన్నింగ్సులో ఆయనకు తోడుగా నాలుగు వికెట్లు పడగొట్టినవారు గులాం అహ్మద్. అదే సంవత్సరం అక్టోబరులో ఢిల్లీలో భారత, పాకిస్తాన్ జట్లు టెస్టులో మొట్టమొదటిసారిగా తలపడ్డాయి. బంతి పట్టే గులాం అహ్మద్ ఆ రోజు బ్యాటు పట్టి, చివరి వికెట్టుకు హేమూ అధికారితో కలిసి 109 పరుగులు జోడించారు. అందులో ఆయనవి 50. భారత జట్టు తరఫున చివరి వికెట్టుకు అది 2004 వరకు రికార్డుగా నిలిచింది. దేశ విభజన గాయాలు పచ్చిగా ఉన్న ఆ దినాలలో, ఢిల్లీ మైదానంలో ఒక హైదరాబాదీ ముస్లిం యువకుడు భారతదేశం కొరకు ఆడిన ఆ ఇన్నింగ్సు ఎన్ని ఉపన్యాసాలకైనా సమానమని మా భావన.

1955 నవంబరులో హైదరాబాదు ఫతే మైదాన్‌లో తొలిసారి టెస్టు జరిగినప్పుడు భారత జట్టుకు నాయకత్వం వహించిన గౌరవం ఈ నగర పుత్రునికే లభించింది. మరుసటి సంవత్సరం కలకత్తాలో ఆస్ట్రేలియాపై ఒక ఇన్నింగ్సులో 49 పరుగులకు 7 వికెట్లు, మొత్తం ఆటలో 10 వికెట్లు తీశారు. 22 టెస్టులలో 68 వికెట్లు, మొత్తం ప్రథమశ్రేణి క్రికెట్‌లో 407 వికెట్లు ఆయన ఖాతాలో ఉన్నాయి.

ఆయన జీవితమంతా పూలబాట అని చెప్పుట సత్యం కాదు. 1958–59లో వెస్టిండీస్ తిరిగి వచ్చినప్పుడు కాన్పూరు, కలకత్తా టెస్టులకు ఆయన నాయకులు. రెండింటిలోనూ జట్టు ఓడింది. కలకత్తాలో ఇన్నింగ్సు 336 పరుగుల తేడాతో ఘోర పరాజయం సంభవించింది. ఆ వరుసలో భారత జట్టుకు నలుగురు నాయకులు మారారు. గులాం అహ్మద్ ఆ కలకత్తా టెస్టుతో అంతర్జాతీయ క్రికెట్ నుండి విరమించారు. అక్కడ అంపైరు తప్పు లేదు, గడియారం తప్పు లేదు. ఆ ఓటమి బరువును నాయకుడే మోయవలసి వచ్చింది.

ఆటగాడుగా తీర్పులకు తలవంచిన ఆయన, తరువాత తీర్పు చెప్పే స్థానాలను అధిష్ఠించారు. 1962లో భారత జట్టు మేనేజరుగా వెస్టిండీస్ వెళ్లారు. బార్బడోస్‌లో చార్లీ గ్రిఫిత్ వేసిన బంతి తగిలి నాయకుడు నారీ కాంట్రాక్టర్ తల పగిలి ప్రాణాపాయ స్థితికి చేరుకొన్నారు. ఆ దారుణ సమయంలో జట్టు పెద్దదిక్కు గులాం అహ్మదే. ఇరవైయొక్క సంవత్సరాల పటౌడీ ఆ కష్టకాలంలోనే నాయకత్వం స్వీకరించారు. 1975 నుండి 1980 వరకు ఆయన భారత క్రికెట్ బోర్డు కార్యదర్శిగా పనిచేశారు. ఆయన మేనల్లుడు, హైదరాబాదులోనే పుట్టిన ఆసిఫ్ ఇక్బాల్, 1979–80లో పాకిస్తాన్ జట్టు నాయకునిగా భారతదేశానికి వచ్చింది కూడా ఆ కాలంలోనే. ఒకే కుటుంబంలోని ఇద్దరు రెండు దేశాల క్రికెట్‌కు బాధ్యులై ఎదురెదురుగా నిలిచారు. 1983లో ప్రపంచకప్పు గెలిచిన జట్టును ఎంపిక చేసిన సంఘానికి అధ్యక్షులు కూడా ఆయనే. 1998 అక్టోబరు 28న హైదరాబాదులో ఆయన కన్నుమూశారు.

ఇక మన సంగతి. ఈ ప్రాంతపు పసుపు రైతు తొమ్మిది నెలలు పంటను కాపాడుతాడు. తవ్వి, ఉడికించి, ఎండబెట్టి, మెరుగుపెట్టి మార్కెట్టుకు తెస్తాడు. కుప్పలోని కొమ్మును విరిచి చూచి ధర చెప్పుట క్షణంలో ముగుస్తుంది. పరీక్ష వ్రాసిన విద్యార్థి శ్రమ కూడా అట్టిదే. సంవత్సరపు చదువును దిద్దేవారి కొన్ని నిమిషాలు నిర్ణయిస్తాయి. ఎక్కడైనా శ్రమ దీర్ఘం, తీర్పు క్షణికం. కాబట్టి తీర్పు చెప్పే స్థానంలో ఉన్నవారు, అది కళాశాల ఆటలపోటీ అయినా, బహుమతుల ఎంపిక అయినా, బెయిళ్లు తీసేముందు గడియారం వైపు మరొకసారి చూడవలసి ఉంటుంది. ఇది మా కమిటీ పెద్దలకు, మాకు కూడా వర్తించే మాట.

విద్యార్థులకు ఒక మాట. అన్యాయం జరిగినప్పుడు నోరు మూసుకొని ఉండుమని మేము చెప్పుట లేదు. ఫలితాన్ని అంగీకరించుట వేరు, పద్ధతిని సరిదిద్దుమని కోరుట వేరు. క్రికెట్‌లో 1992లో టెలివిజన్ చూచి తీర్పు చెప్పే మూడవ అంపైరు వచ్చారు. ఆ తరువాత ఆడుతున్న దేశాలకు చెందని అంపైర్లు, ఆటగాళ్లు తీర్పును పునఃపరిశీలించమని కోరే హక్కు కూడా వచ్చాయి. అంపైరును కొట్టినందువలన అవి రాలేదు. అందరి తప్పులనూ, మనకు లాభించిన తప్పులను సైతం, లెక్కలోకి తీసుకొన్నందువలన వచ్చాయి. మద్రాసులో వీక్స్‌కు జరిగినదానిని మరచి, బొంబాయిలో మనకు జరిగినదానినే తలచుకొనేవాడు న్యాయాన్ని కోరుట లేదు, గెలుపును మాత్రమే కోరుతున్నాడు.

బొంబాయిలో ఆ ఆరవ బంతి ఎన్నడూ పడలేదు. దాని తరువాత గులాం అహ్మద్ వేసిన వేలాది బంతులు మాత్రం చరిత్రలో ఉన్నాయి. ఉర్దూ చదివే మన విద్యార్థులు, తెలుగు చదివే మన విద్యార్థులు ఇరువురూ తమవాడని చెప్పుకొనదగిన ఈ హైదరాబాదు బిడ్డను స్మరించుకొంటూ, రేపు సాయంత్రం మన మైదానంలో ఏదైనా తీర్పు మీకు ప్రతికూలంగా వచ్చినప్పుడు తదుపరి బంతికి సిద్ధపడగలరని ఆశిస్తున్నాము.