పుచ్చలపల్లి సుందరయ్య

పుచ్చలపల్లి సుందరయ్య (మే 1, 1913 - మే 19, 1985) ప్రముఖ కమ్యూనిస్టు నాయకుడు, పార్లమెంటు సభ్యుడు, శాసనసభ్యుడు. పార్లమెంటుకు సైకిలుపై వెళ్ళిన సభ్యుడిగా తెలుగువారికి చిరపరిచితుడు.

జీవితం

నెల్లూరు జిల్లా అలగానిపాడులో భూస్వామ్య కుటుంబంలో జన్మించాడు. అసలు పేరు సుందరరామిరెడ్డి. కులాన్ని సూచించే భాగాన్ని పేరు నుండి తొలగించుకున్నాడు. 1930లో చదువు మానివేసి స్వాతంత్ర్యోద్యమంలో చేరి జైలుకు వెళ్ళాడు. అమీర్ హైదర్ ఖాన్ ప్రభావంతో కమ్యూనిస్టుగా మారి వ్యవసాయ కూలీలను సంఘటితపరచాడు. వారసత్వంగా వచ్చిన ఆస్తిని ఉద్యమానికి వెచ్చించాడు. 1943లో లీలను వివాహమాడాడు. ఉద్యమ జీవితానికి అడ్డు కారాదని దంపతులు సంతానం వద్దనుకున్నారు. తెలంగాణ సాయుధ పోరాట నాయకులలో ఒకడైన ఆయన, 1972లో దాని చరిత్రను గ్రంథస్థం చేసాడు.

సైకిలు ప్రయాణం

1952లో రాజ్యసభకు ఎన్నికై ఢిల్లీలో సైకిలుపైనే సభకు వెళ్ళేవాడు. 1955 నుండి గన్నవరం శాసనసభ్యుడిగా ఉన్నప్పుడూ ఆ అలవాటు మానలేదు.

ఆ కాలంలో దేశంలో సామాన్యులు వాడినది రోడ్‌స్టర్ రకం, అనగా నల్లటి పెద్ద సైకిలు. 28 అంగుళాల చక్రాలు, కడ్డీ బ్రేకులు, ఒకే గేరు, వెనుక క్యారియర్ దీని లక్షణాలు. పందెపు సైకిలు తేలికైనది. సన్నని టైర్లు, కిందికి వంగిన హ్యాండిల్ ఉంటాయి, నడిపేవాడు ముందుకు వంగి కూర్చోవాలి. దూరప్రయాణపు టూరింగ్ సైకిలు చూడటానికి దానివలెనే ఉన్నా, చక్రాల మధ్య దూరం, టైర్ల వెడల్పు ఎక్కువ. ఎత్తులెక్కడానికి తక్కువ గేర్లు, సామాను సంచులకు బిగింపులు ఉంటాయి. రోడ్‌స్టర్ వేగంలో రెండింటికీ తీసికట్టే. అయితే పంచె కట్టుకొని నిటారుగా కూర్చుని నడపవచ్చు, ఏ పల్లెలోనైనా బాగుచేయించుకోవచ్చు. సుందరయ్య సహచరుడు తరిమెల నాగిరెడ్డి 1957లో లోక్‌సభకు ఎన్నికైన అనంతపురం వంటి కరువు జిల్లాలో ఇది వాహనమే కాదు, పనిముట్టు కూడా. కంకర దారుల మీద వేరుశనగ మూటలు, నీటి బిందెలు దీనిపైనే సాగేవి. పందెపు సైకిలు ఆ బరువుకు నిలవదు. సుందరయ్య సైకిలుకు ప్రజలలో గౌరవం దక్కడానికి కారణం ఇదే కావచ్చు: అది కూలీకీ, బడిపంతులుకూ ఉన్న వాహనమే.

చివరి దశ

1964లో పార్టీ చీలిన తరువాత మార్క్సిస్టు పార్టీ తొలి ప్రధాన కార్యదర్శిగా దశాబ్దానికి పైగా పనిచేసి, విధాన భేదాల వల్ల వైదొలగాడు. 1978లో గన్నవరం నుండి మరల ఎన్నికయ్యాడు. 1985లో మద్రాసులో మరణించాడు. హైదరాబాదు బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఆయన పేర ఏర్పడినది.