రహీం సాబ్: బడి నుంచి బంగారు పతకం దాకా



అఫ్జల్‌గంజ్ నుంచి నయాపూల్ దాటి హైకోర్టు వైపు తిరిగితే మూసీ ఒడ్డున సిటీ కాలేజీ కనిపిస్తుంది. ఈ ప్రాంతంలో ఉండే మన పిల్లల్లో చాలామంది రోజూ స్కూల్ బస్సులో దాని ముందు నుంచే వస్తారు. ఒకప్పుడు ఈ కాలేజీ పాత విద్యార్థులూ, చదువుతున్న విద్యార్థులూ కలిసి ఎలెవెన్ హంటర్స్ అనే ఫుట్‌బాల్ జట్టుగా ఆడేవారు. ఆ జట్టులో ఆడిన ఒక యువకుడు తర్వాత బడిపంతులయ్యాడు. ఆ తర్వాత భారత ఫుట్‌బాల్‌కే గురువయ్యాడు. ఆయనే సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాద్ ఆయన్ని ప్రేమగా రహీం సాబ్ అని పిలుచుకుంది.

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకుంటూనే ఫుట్‌బాల్ ఆడారు. చదువా, ఆటా అన్న ప్రశ్న ఆయన జీవితంలో రాలేదు. బి.ఎ. పూర్తి చేశారు, వ్యాయామ విద్యలో డిప్లొమా తీసుకున్నారు. కాచిగూడ మిడిల్ స్కూల్, దారుల్ ఉలూమ్ హైస్కూల్, చాదర్‌ఘాట్ హైస్కూల్ వంటి బడుల్లో పనిచేశారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యారు.

బడిలో పాఠం చెప్పే పద్ధతినే ఆయన మైదానంలోకి తెచ్చారు. పిల్లవాడికి ఏ లెక్క రాదో అదే మళ్లీ మళ్లీ చేయిస్తాం కదా! రహీం కూడా అంతే. కుడికాలితో బాగా ఆడేవాళ్ల చేత ఎడమకాలితో ఆడించేవారు. బలహీనమైన కాలితోనే ఆడాలనే నియమంతో పోటీలు పెట్టేవారు. బంతిని ఒక్కరే తీసుకుపోకుండా వెంటనే తోటివాడికి అందించాలనే నియమంతో ఇంకొన్ని పెట్టేవారు. ఒక్కో పోటీలో ఒక్కో లోపం సరిదిద్దుకునేవారు.

1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు ఆయన కోచ్ అయ్యారు. ఆ ఏడాది నుంచి 1954 వరకు ఆ జట్టు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను వరుసగా అయిదుసార్లు గెలిచింది. కలకత్తా పెద్ద క్లబ్బులదే ఫుట్‌బాల్ అనుకునే రోజుల్లో మన ఊరి పోలీసుల జట్టు దేశమంతా పేరు తెచ్చుకుంది.

సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం పేద ఇంటి కుర్రవాడు. అంత దూరం నుంచి ప్రాక్టీసుకు రావడానికి అతని దగ్గర డబ్బులు లేవు. రహీం సాబ్ సైకిల్ అద్దెకు తానే డబ్బులిచ్చి రప్పించుకున్నారు. బలరాం తర్వాత 1956, 1960 ఒలింపిక్స్‌లో దేశం తరఫున ఆడారు.

భారత జట్టు కోచ్‌గా రహీంకు మొదటి పెద్ద విజయం 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల్లో వచ్చింది. ఫైనల్లో మన జట్టు ఇరాన్‌ను 1-0 తేడాతో ఓడించి స్వర్ణం గెలిచింది. మరుసటి ఏడాది హెల్సింకీ ఒలింపిక్స్‌లో మాత్రం యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిపోయింది. ఆ చలిదేశంలో మనవాళ్లు కొందరు బూట్లు లేకుండా ఆడారు. ఆ ఓటమి తర్వాత మన ఫుట్‌బాల్‌లో బూట్లు తప్పనిసరి అయ్యాయి.

పది గోల్స్ తిన్న జట్టు కోచ్‌ను ఇంటికి పంపేయడం తేలిక. కానీ 1956లో మెల్‌బోర్న్‌కు కూడా రహీమే కోచ్‌గా వెళ్లారు. అక్కడ భారత్ ఆస్ట్రేలియాను 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ చేశాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా జట్టు మనదే అయింది. చివరికి నాలుగో స్థానం దక్కింది. ఓటమికీ ఈ గెలుపుకీ మధ్య నాలుగేళ్ల ఓపికైన సాధన ఉంది.

1962 జకార్తా ఆసియా క్రీడల నాటికి రహీం సాబ్‌కు క్యాన్సర్. అయినా జట్టుతో వెళ్లారు. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిపోయాం. తర్వాత థాయ్‌లాండ్, జపాన్, దక్షిణ వియత్నాం జట్లను గెలిచి ఫైనల్ చేరాం. అక్కడ మళ్లీ కొరియాయే ఎదురైంది. రాజకీయ కారణాల వల్ల స్టేడియంలోని దాదాపు లక్ష మంది భారత్‌కు వ్యతిరేకంగా అరుస్తున్నారు. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయం ఉంది. కట్టుతో ఉన్న ఆ ఆటగాణ్ణే రహీం ఫార్వర్డ్‌గా దింపారు. సెప్టెంబర్ 4న జరిగిన ఆ ఫైనల్లో పి.కె. బెనర్జీ ఒక గోల్, జర్నైల్ ఒక గోల్ చేశారు. 2-1తో స్వర్ణం మనదైంది.

తొమ్మిది నెలల తర్వాత, 1963 జూన్ 11న రహీం సాబ్ కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 53 ఏళ్లు. ఆ తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్లీ స్వర్ణం రాలేదు. అజయ్ దేవగణ్ నటించిన మైదాన్ సినిమా 2024లో వచ్చాకే ఆయన పేరు మన ఇళ్లలో చాలామందికి తెలిసింది.

పరీక్షలు దగ్గర పడగానే గేమ్స్ పీరియడ్ తీసేసి ఆ గంట కూడా చదివించమని కొందరు తల్లిదండ్రులు అడుగుతుంటారు. ఆ ఆందోళన అర్థమవుతుంది. ఫీజులు కట్టడం ఎంత కష్టమో, పోటీ ఎంత ఉందో మాకూ తెలుసు. పైగా మన బస్తీల్లో ఖాళీ స్థలాలు ఒక్కొక్కటిగా మాయమవుతున్నాయి. చాలామంది పిల్లలకు ఇప్పుడు మిగిలిన ఆట సమయం ఆ ఒక్క పీరియడే.

అందరూ దేశానికి ఆడరు. ఆడాల్సిన అవసరమూ లేదు. కానీ ఓడిన మర్నాడు మళ్లీ మైదానానికి రావడం, తన బలహీనమైన కాలిని తానే బలపరుచుకోవడం, బంతిని తోటివాడికి అందించడం ఆడితేనే అలవాటవుతాయి. ఈసారి ప్రోగ్రెస్ కార్డులో ఏదైనా సబ్జెక్టులో మార్కులు తగ్గితే, 10-1తో ఓడిన ఆ జట్టు నాలుగేళ్లకు ఎక్కడికి చేరిందో మీ అబ్బాయికీ, అమ్మాయికీ చెప్పండి. వచ్చే ఆదివారం ఒక గంట వాళ్లతో పాటు మీరూ మైదానానికి వెళ్లండి.