వస్వాసుకు వైద్యం రాసిన బల్ఖీ

వుజూ ముగించి లేచిన మనిషి మళ్లీ నీళ్ల దగ్గరికే వెళ్తాడు. మోచేయి తడిసిందో లేదోనని అనుమానం. నమాజుకు నిలబడితే ఎన్ని రకాతులు అయ్యాయోనని మరో అనుమానం. ఇంట్లోవాళ్లు విసుక్కుంటారు, లేదా తావీజు కట్టిస్తారు. దీన్ని మనం వస్వాసు అంటాం. నాస్ సూరా నేర్చుకున్న పసిపిల్లలకూ తెలిసిన మాటే ఇది. ఇదే ముదిరి రోజులో గంటల కొద్దీ సమయాన్ని మింగేస్తుంటే నేటి వైద్యులు ఓసీడీ అనే జబ్బుగా గుర్తిస్తారు. మనసును వదలని ఆలోచనలకు వెయ్యేళ్లకు పూర్వమే వైద్య గ్రంథంలో ఒక అధ్యాయం కేటాయించిన పండితుడు అబూ జైద్ అహ్మద్ ఇబ్నె సహల్ అల్ బల్ఖీ (రహ్మతుల్లాహి అలైహి) గురించి ఈ వారం తెలుసుకుందాం.

ఆయన సుమారు హిజ్రీ 235లో, అంటే క్రీ.శ. 850 ప్రాంతంలో, బల్ఖ్ నగర సమీపాన షామిస్తియాన్ అనే పల్లెలో జన్మించారు. మౌలానా రూమీ పేరుతో మనకు పరిచయమైన బల్ఖ్ అదే. ఇప్పుడది అఫ్గానిస్తాన్‌లో ఉంది. తండ్రి బడిపంతులు. అబూ జైద్ కూడా మొదట పిల్లలకు చదువు చెప్పారు. తర్వాత విద్య కోసం హజ్ యాత్రికుల వెంట కాలినడకన ఇరాక్ వెళ్లారంటారు. అక్కడ ఎనిమిదేళ్లు గడిపి, ప్రసిద్ధ తత్వవేత్త అల్ కిందీ వద్ద విద్య నేర్చారని చరిత్రకారులు రాశారు. ఆయన సన్నగా ఉండేవారట. ముఖం మీద మశూచి మచ్చలు, స్వభావం మితభాషి.

స్వదేశం చేరాక బల్ఖ్ పాలకుడు అహ్మద్ ఇబ్నె సహల్ మంత్రి పదవి ఇవ్వజూపాడు. ఆయన దాన్ని కాదని లేఖకుడి ఉద్యోగంతో సరిపెట్టుకున్నారు. సంపాదించిన సొమ్ముతో సొంత ఊళ్లోనే భూమి కొనుక్కున్నారు. భూగోళ శాస్త్రంలో ఆయన పేరిట ఒక సంప్రదాయమే ఏర్పడింది. ఇస్తఖ్రీ, ఇబ్నె హౌఖల్ వంటివారు గీసిన పటాలు ఆ కోవలోవే.

దేశాల పటాల మీద పనిచేసిన ఈ పండితుడే ఒకసారి నది ఒడ్డున ఆగిపోయారు. బుఖారా నుంచి సామానీ అమీరు పిలుపు వచ్చింది. బయలుదేరి జైహూన్ నది (నేటి ఆమూ దర్యా) దాకా వెళ్లారు. ఆ వెడల్పు, ఆ అలలు చూసి వెనుదిరిగారు. తన వివేకాన్ని మెచ్చి పిలిచి ఉంటే, ఆ వివేకమే ఈ నది దాటవద్దంటోందని అమీరుకు రాసి పంపారట. చమత్కారం సరే, భయం ఎలా ఉంటుందో ఆయనకు పుస్తకాల వల్లనే తెలియలేదని మాకు అనిపిస్తుంది.

ఆయన రచనల్లో 'మసాలిహుల్ అబ్దాన్ వల్ అన్ఫుస్' ముఖ్యమైనది. శరీరానికీ ఆత్మకూ మేలు చేసేవి అని దాని అర్థం. శరీర ఆరోగ్యానికి 14 అధ్యాయాలు, మనసుకు 8. దేహానికి మందిచ్చే హకీములు మనసు జబ్బులను పట్టించుకోవడం లేదని ఆయన బాధ. కోపం, దుఃఖం, భయం, వస్వాసు, ఈ నాలుగింటినీ వేరువేరుగా పరిశీలించారు.

వస్వాసును ఆయన వర్ణించిన తీరు మమ్మల్ని ఆశ్చర్యపరిచింది. అక్కర్లేని ఆలోచన పదే పదే వచ్చి పీడిస్తుంది. తనకేదో కీడు, ముఖ్యంగా శరీరానికి, ఇప్పుడే జరగబోతుందని భయపెడుతుంది. ఏ పనీ చేసుకోనివ్వదు, ఏ సుఖమూ అనుభవించనివ్వదు. వుజూ అనుమానాల కంటే ఇటువంటి భయాల మీదే ఆయన దృష్టి ఎక్కువ. కారణాల విషయంలో షైతాను ప్రేరణ అనే మాటనూ, శరీరంలో పిత్తం చెడడం అనే నాటి వైద్యుల మాటనూ రెండింటినీ ప్రస్తావించారు. అయితే అక్కడితో ఆగి రోగిని నిందించలేదు, చికిత్సకు వెళ్లారు. ఒంటరిగా ఉండవద్దన్నారు, పనిలోనూ మనుషుల మధ్యా గడపమన్నారు. ఇంట్లో అవసరానికి మందులు దాచుకున్నట్టు, మనసు ప్రశాంతంగా ఉన్నప్పుడే ఆ భయానికి జవాబిచ్చే ఆలోచనలను సిద్ధం చేసుకోమన్నారు.

పిత్తం సిద్ధాంతం ఇప్పుడు నిలవలేదు. వంశపారంపర్యం, మెదడు పనితీరులో తేడాల వైపు నేటి పరిశోధన చూపిస్తోంది. 1966లో లండన్‌లో విక్టర్ మేయర్ అనే మనస్తత్వవేత్త ఒక పద్ధతి ప్రచురించారు: రోగి ఆ అనుమానాన్ని కావాలనే ఎదుర్కోవాలి, కానీ మళ్లీ కడగకూడదు. ఇప్పటికీ ముఖ్యమైన చికిత్స అదే, దానితోపాటు సెరటోనిన్ మీద పనిచేసే మందులూ ఉన్నాయి. కడిగావులే, అయిందిలే అని ఇంట్లోవాళ్లు మాటిమాటికీ భరోసా ఇస్తే జబ్బు ఇంకా బలపడుతుందని వైద్యులు హెచ్చరిస్తారు. ప్రేమతో మనం చేసే పొరపాటు ఇది.

బల్ఖీ హిజ్రీ 322 (క్రీ.శ. 934)లో పరమపదించారు. ఆ గ్రంథం రాతప్రతి ఇస్తాంబుల్‌లోని అయాసోఫియా గ్రంథాలయ సేకరణలో మిగిలింది. 1984లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఫుఆద్ సెజ్గిన్ దాని నకలు అచ్చువేయించారు. మనసుకు సంబంధించిన భాగాన్ని సూడాన్ మనస్తత్వవేత్త మాలిక్ బద్రీ ఇంగ్లీషులోకి తెచ్చారు. 2015లో రానియా అవాద్, సారా అలీ ఆ వర్ణనను నేటి ఓసీడీ లక్షణాలతో పోల్చి, చాలావరకు కలుస్తున్నాయని చూపారు. వారు పోల్చిన ఆ వస్వాసు అధ్యాయం గ్రంథంలో చివరిది.