గాలికి అంకె కట్టిన మనిషి – సర్ గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్

సి.టి. స్కాన్ మాట వినని పెన్షనరు ఇల్లు ఈ రోజుల్లో ఉండదు. ఆ యంత్రాన్ని తయారుచేసిన మనిషి పేరు మాత్రం మనలో చాలామందికి తెలియదు. ఉద్యోగకాలమంతా అంకెల మధ్య గడిపిన గుమాస్తాను కనుక, శరీరం లోపలి ప్రతి చుక్కకూ ఒక అంకె కట్టిన ఆయన గురించి నాలుగు మాటలు రాస్తున్నాను.

గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ 1919 ఆగస్టు 28న ఇంగ్లండులోని న్యూఆర్క్‌లో పుట్టారు. ఐదుగురు సంతానంలో ఆఖరివారు. తండ్రికి వ్యవసాయం. పొలంలోని యంత్రాలే ఆయన ఆటవస్తువులు. సొంతంగా చేసుకున్న గ్లైడరుతో గడ్డివాముల మీదనుంచి దూకిన సాహసి. బడిలో లెక్కలు, భౌతికశాస్త్రం తప్ప మరొకటి రుచించలేదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో వైమానిక దళంలో చేరి రాడార్ పని నేర్చుకున్నారు. తరువాత లండన్ ఫారడే హౌస్‌లో డిప్లొమా పొందారు. యూనివర్సిటీ డిగ్రీ లేదు. ఇ.ఎం.ఐ. కంపెనీలో ఇంజనీరుగా చేరి ముందు రాడార్ల మీద, ఆపైన కంప్యూటర్ల మీద పనిచేశారు.

మామూలు ఎక్స్‌రేలో ముందున్నవీ వెనకున్నవీ ఒకదానిమీద ఒకటి పడి కలిసిపోతాయి. అన్ని కోణాలనుంచీ కిరణాలు పంపి, ఎంత కిరణం బయటికి వచ్చిందో కొలిచి, కంప్యూటరుతో లెక్క కట్టిస్తే లోపలి పొరను విడిగా చూడవచ్చునని 1967లో ఆయనకు తోచింది. మొదటి ప్రయోగంలో ఒక్క బొమ్మకు కావలసిన కొలతలు తీయడానికే తొమ్మిది రోజులు పట్టింది. ఆయన వదలలేదు. 1971 అక్టోబరు 1న వింబుల్డన్‌లోని ఆట్కిన్‌సన్ మోర్లే ఆసుపత్రిలో మొదటి రోగికి మెదడు స్కాన్ తీశారు. 1975 నాటికి ఒళ్ళంతా తీసే యంత్రమూ వచ్చింది.

ఆయన పేరుతోనే నిలిచిన కొలమానంలో నీటికి సున్న, గాలికి మైనస్ 1000. ఊపిరితిత్తులకు ఇది వరమైంది. ఆరోగ్యవంతుడు ఊపిరి వదిలితే గాలి బయటికి పోయి ఊపిరితిత్తి చిక్కబడుతుంది, అంకె పైకి వస్తుంది. పొగతాగినవారికీ, ఏళ్ళతరబడి కట్టెలపొయ్యి పొగ పీల్చిన ఆడవారికీ, ఆస్తమా ఉన్నవారికీ సన్నని గాలిగొట్టాలు మూసుకుపోయి, లోపలికి వెళ్ళిన గాలి తిరిగి రాలేదు. స్కాన్‌లో ఆ భాగం నల్లగానే ఉండిపోతుంది. ఊపిరి వదిలాక మైనస్ 856 కంటే కింద ఉన్న భాగాన్ని చిక్కుకున్న గాలిగా లెక్కవేయడం వాడుక. నిండా పీల్చినప్పుడు మైనస్ 950 కంటే కింద ఉంటే గాలి తిత్తుల గోడలు చెడిపోయినట్టు అనుమానిస్తారు. గొట్టంలోకి ఊదే పరీక్ష రెండు ఊపిరితిత్తుల శక్తినీ కలిపి చెబుతుంది. స్కాన్ ఏ భాగంలో చెడిందో చూపుతుంది. ఒకదానికొకటి తోడే కాని బదులు కాదు.

నాకు ఈ పరీక్ష చేసినప్పుడు ఊపిరంతా వదిలి కదలకుండా ఉండమన్నారు. ఆయాసం ఉన్నవాడికి ఆ కొద్ది క్షణాలే గండం. కాని సగం గాలి లోపలే ఉంచుకుంటే మంచి భాగం కూడా చెడ్డదిగా కనిపించి లెక్క తప్పుతుంది. అందుచేత మన సభ్యులు స్కాన్ గదిలోకి వెళ్ళేముందే వదిలి ఆపడం రెండుమూడుసార్లు అభ్యాసం చేయడం మంచిది. చేతకాకపోతే మొహమాటపడకుండా చెప్పాలి. ఎక్స్‌రే కిరణాలతో పని కనుక డాక్టరు అడగనిదే తీయించుకోవద్దు.

ఇదే గణితాన్ని విడిగా సాధించిన అలన్ కార్మాక్‌తో కలిసి హౌన్స్‌ఫీల్డ్ 1979లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్నారు. 1981లో సర్ బిరుదు వచ్చింది. పెళ్ళి చేసుకోలేదు, ఆడంబరం ఎరగరు. 2004 ఆగస్టు 12న కన్నుమూశారు. రోజూ ప్రపంచమంతటా స్కాన్ రిపోర్టుల్లో అంకెల పక్కన హెచ్.యు. అని రెండక్షరాలు పడుతున్నాయి. అందులో మొదటి అక్షరం ఆయన పేరే. ఈసారి మీ రిపోర్టులో అవి కనిపిస్తే, ఆ రైతుబిడ్డను ఒక్కసారి తలచుకోండి.