చూడని తాళానికి మారుతాళం: యల్లాప్రగడ సుబ్బారావు

గోదావరి సీమలో పుట్టి అమెరికాలో తనువు చాలించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు వైద్యలోకానికి చిరపరిచితమైనది. ఆయన పరిశోధనాలయం నుండి వెలువడిన మందులను స్మరించేవారు పెక్కుమంది. ఆ మందులు శరీరంలో ఏ విధంగా పనిచేస్తున్నవో విచారించేవారు కొద్దిమంది. అణువు గుణం దాని ఆకృతిపై ఆధారపడి ఉంటుందనే సత్యానికి ఆయన కృషి చక్కని నిదర్శనం.

సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరంలో ఒక పేద కుటుంబంలో జన్మించారు. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుసార్లు తప్పి, మూడవసారి మద్రాసులో కృతార్థులైనారు. మద్రాసు వైద్యకళాశాలలో చదివే రోజులలో గాంధీజీ పిలుపు విని ఖద్దరు ధరించినందున శస్త్రచికిత్స ఆచార్యుని ఆగ్రహానికి గురి అయినారు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. పట్టానికి బదులు, దానికన్న తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టంతో తృప్తి పడవలసి వచ్చినది. ఇంతలో, గ్రహణిని పోలిన స్ప్రూ అనే వ్యాధి ఆయన సోదరుణ్ణి బలి తీసుకొన్నది. వైద్యం చదివిన తమ్ముడు ఇంట ఉండి కూడ ఆ మరణాన్ని ఆపలేకపోయినాడు. ఆనాడు దానికి సరియైన మందు లేదు.

1923 అక్టోబరులో ఆయన బోస్టన్ చేరి, హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ప్రవేశించారు. సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో భాస్వరాన్ని కొలిచే సులభమార్గాన్ని ప్రకటించారు. 1927లో కండరాలలోని ఫాస్ఫోక్రియేటిన్‌ను, 1929లో జీవకణాలకు శక్తినిచ్చే ఏ.టి.పి.ని గుర్తించారు. ఇంత చేసినా అక్కడ స్థిరమైన పదవి లభించలేదు. 1940లో లెడర్లీ మందుల సంస్థలో చేరి, అనతికాలంలోనే పరిశోధనలకు సారథి అయినారు.

అక్కడ ఆయన బృందం 1945 ప్రాంతంలో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసినది. స్ప్రూ వ్యాధిగ్రస్తులకు ఆ ఆమ్లం ఉపకరించినది. అన్నను కాపాడలేని లోటు ఇతరుల అన్నదమ్ముల విషయంలోనైనా కొంత తీరినది.

అయితే కథ అంతటితో ముగియలేదు. జీవకణం విభజన చెందాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి. రక్తకేన్సరులో తెల్లకణాలు అదుపు లేకుండా పెరుగుతవి. కనుక ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండి, దాని పని మాత్రం చేయని పదార్థమొకటి ఉంటే ఆ పెరుగుదల ఆగవచ్చును. సల్ఫా మందులు సూక్ష్మజీవులను ఈ విధంగానే మోసగిస్తున్నవని 1940లోనే తెలిసినది. లెడర్లీ రసాయనజ్ఞులు ఫోలిక్ ఆమ్లపు అణువులో ఒక ఆక్సిజన్ ఉన్న చోట అమినో సమూహాన్ని నిలిపి అమినాప్టెరిన్‌ను సృష్టించారు. మరొక మిథైల్ సమూహం చేర్చగా మెథోట్రెక్సేట్ అయినది. బోస్టనులో సిడ్నీ ఫార్బర్ అమినాప్టెరిన్‌ను 16 మంది పిల్లలకు ఇచ్చి, 10 మందిలో వ్యాధి తాత్కాలికంగా తగ్గినదని 1948 జూన్‌లో ప్రకటించారు. ఆ ఉపశమనం కొద్ది నెలలదే అయినా, అంతవరకు ఆశయే లేని వ్యాధిలో అది మొదటి వెలుగు.

రెండు నెలలు తిరిగిన కొద్ది రోజులకే, 1948 ఆగస్టులో, సుబ్బారావుగారు న్యూయార్కులో మరణించారు. మారుతాళం చేతికి వచ్చినది. అది దూరే తాళాన్ని మాత్రం ఆయన చూడలేదు.

ఆ తాళం డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ అనే ఎంజైము అని 1958లో తేలినది. ఎంజైమును స్ఫటికంగా మార్చి, దానిపై ఎక్స్ కిరణాలను ప్రసరింపజేస్తే కిరణాలు చెదరిపోతవి. ఆ చెదరిన తీరును లెక్కించి ప్రతి పరమాణువు స్థానాన్నీ మూడేసి సంఖ్యలలో నిర్ణయిస్తారు. ఈ పద్ధతిని అనుసరించి, మెథోట్రెక్సేట్‌ను పట్టుకొని ఉన్న ఎంజైము రూపాన్ని అమెరికా శాస్త్రజ్ఞులు 1977లో ప్రకటించారు. ఎంజైము గర్భంలోని ఒక పల్లంలో మందు బిగుసుకొని ఉన్నది. తరువాత ఫోలేటు ఉన్న రూపంతో పోల్చి చూడగా ఒక వింత బయటపడినది. రెండు అణువులూ ఒకే తీరున కూర్చుంటవని భావించినవారి అంచనా తప్పినది. మెథోట్రెక్సేట్‌లోని వలయభాగం ఫోలేటులోని దానికి తలక్రిందులుగా అమరి ఉన్నది. కాగితం మీది పోలికకు, కణంలోని అమరికకు ఉన్న భేదం ఇది.

ఇటువంటి రూపాలను భద్రపరచుటకు 1971లో ప్రోటీన్ డేటా బ్యాంకు ఏర్పడినది. నేడు అందులో రెండు లక్షలకు పైగా రూపాలున్నవి. కంప్యూటరు సహాయంతో ఒక రూపంపై మరొకదానిని పేర్చి పోల్చవచ్చును. ఏ అణువు ఏ పల్లంలో ఇముడునో వేలకొలది పరీక్షించవచ్చును. ఈ విద్యనే నేడు నిర్మాణాత్మక జీవసమాచార శాస్త్రమంటున్నారు. అయినా తెరమీద చక్కగా ఇమిడినదల్లా మందు కాదు. దాని నిజానిజాలను ప్రయోగశాలలోను, రోగి శయ్య చెంతను తేల్చవలసిందే.

మెథోట్రెక్సేట్ నేటికీ రక్తకేన్సరులోను, కీళ్లవాతంలోను వాడుకలో ఉన్నది. రెండుసార్లు పరీక్ష తప్పిన విద్యార్థి పేరు ఆ మందు చరిత్రలో నిలిచి ఉన్నది. తరగతిలో వెనుకబడిన పిల్లవాని భవిష్యత్తును ఒక్క పరీక్షతో నిర్ణయించరాదని ఉపాధ్యాయులు గ్రహించుటకు ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు.