బెంగుళూరు నాగరత్నమ్మ

తంజావూరునకు సమీపమున, కావేరీ తీరమందు, తిరువయ్యారు అను ఊరు కలదు. ప్రతి సంవత్సరము పుష్య బహుళ పంచమినాడు ఆ ఊరికి నలుదెసలనుండి గాయకులును, వాద్య విద్వాంసులును వచ్చి చేరుదురు. త్యాగరాజస్వామి సమాధి యెదుట స్త్రీలును పురుషులును వరుసలు తీరి కూర్చుండి, ఆయన రచించిన పంచరత్న కీర్తనలను ఏకకంఠముతో పాడుదురు. ఆ కీర్తనలలో ఒకటి సంస్కృతము. తక్కిన నాలుగును తెలుగు. పాడువారిలో అనేకులకు తెలుగు మాతృభాష కాదు. అయినను ఆ దినమున కావేరీ తీరమెల్ల తెలుగు పాటతో మారుమ్రోగును.

ఆ సమాధిపై మందిరమును కట్టించినది ఒక స్త్రీ. తన సొంత సొమ్ము వెచ్చించి ఆమె దానిని కట్టించెను. కాని ఆ మందిరము పూర్తియైన పిమ్మట, అచ్చటి ఆరాధనోత్సవములో పాడుటకు చాలకాలము వరకు ఆమెకే అనుమతి లభింపలేదు! వినుటకు వింతగా తోచినను ఇది జరిగిన సంగతి. ఆ స్త్రీయే బెంగుళూరు నాగరత్నమ్మ.

నాగరత్నమ్మ 1878వ సంవత్సరమున మైసూరు సంస్థానమందలి నంజనగూడులో జన్మించెను. ఆమె తల్లి పేరు పుట్టలక్ష్మి. వారిది దేవదాసీ కుటుంబము. పూర్వము దేవాలయములలో దేవుని సన్నిధిని పాడుటకును, నాట్యమాడుటకును కొందరు స్త్రీలను అర్పించెడివారు. వారే దేవదాసీలు. సంగీత నాట్యములను తరతరములుగా కాపాడిన వారిలో వీరు ముఖ్యులు. అయినను సంఘము వారి కళను మెచ్చుకొనెనే కాని, వారికి ఇతర స్త్రీలకిచ్చు గౌరవము నీయలేదు. ఈ భేదము నాగరత్నమ్మను జీవితమంతయు వెన్నాడెను.

పసితనముననే ఆమెకు తండ్రి అండ లేకపోయెను. తల్లి బీదరాలు, కాని పట్టుదల గలది. తన బిడ్డను విద్యావతిని చేయవలెనని ఆమె సంకల్పము. మైసూరులో ఒక పండితుని యొద్ద బాలికకు సంస్కృత విద్య ఆరంభమయ్యెను. కొంతకాలమునకు ఆ ఆశ్రయము తప్పిపోగా, తల్లీకూతుండ్రు బెంగుళూరులో ఫిడేలు విద్వాంసుడైన ఒక బంధువు నీడను చేరిరి. అచ్చట నాగరత్నమ్మ త్యాగరాజ శిష్యపరంపరకు చెందిన మునుస్వామప్పగారి యొద్ద సంగీతము నేర్చుకొనెను. కన్నడము ఆమెకు ఇంటి భాష. సంస్కృతము, తెలుగు ఆమె శ్రమించి నేర్చిన భాషలు. పాటలోని మాటలను చిలుకవలె వల్లించుటతో ఆమె తృప్తిపడలేదు. తెలుగు కావ్యములను చదివి పరిష్కరింపగలిగినంత పాండిత్యమును సంపాదించెను.

పదునైదేండ్ల వయస్సున ఆమె తొలిసారిగా పండితసభలో తన విద్యను ప్రదర్శించెను. తరువాత మదరాసునకు వెడలి అచ్చట స్థిరపడెను. ఆనాటి సభలలో ధ్వనివర్ధక యంత్రములు లేవు. పందిరిలో చిట్టచివర కూర్చున్నవానికి కూడ పాట వినబడవలెనన్న గాయకుని గొంతులోనే ఆ బలముండవలెను. అట్టి కాలమున నాగరత్నమ్మ దక్షిణదేశమంతట తిరిగి వెయ్యికి పైగా కచేరీలు చేసెను. హరికథలు చెప్పుటయందును ఆమె దిట్ట. గ్రామఫోను రికార్డులలో తొలినాళ్ళలో పాడినవారిలో ఆమె యొకతె. మదరాసు కళాకారిణులలో ఆదాయపు పన్ను చెల్లించిన మొదటి స్త్రీ ఆమెయే యని చెప్పుదురు.

ధనము, కీర్తి లభించినను ఆమె పుస్తకమును విడువలేదు. తంజావూరునేలిన ప్రతాపసింహుని కాలమున ముద్దుపళని యను కవయిత్రి యుండెను. ఆమె రచించిన రాధికాసాంత్వనము అను తెలుగు కావ్యము నాగరత్నమ్మ కంటబడెను. అప్పటికే ముద్రితమైన ప్రతిలో కొన్ని భాగములు లోపించెను. ఆమె శ్రద్ధతో వెదకి, పూర్తి కావ్యమును పరిష్కరించి, 1910లో ప్రకటింపజేసెను. కావ్యము శృంగార ప్రధానమని కొందరు ఆక్షేపించిరి. అట్టి శృంగారమే పురుషులు వ్రాసిన కావ్యములలో ఉన్నపుడు లేని ఆక్షేపణ, స్త్రీ వ్రాసినపుడు మాత్రము ఏల కలుగవలెనని ఆమె వాదము. ప్రభుత్వము ఆ గ్రంథమును నిషేధించెను. టంగుటూరి ప్రకాశం పంతులుగారు మదరాసు రాష్ట్ర ప్రధానిగా ఉన్న కాలమున, 1947లో, ఆ నిషేధము తొలగెను.

ఇక తిరువయ్యారు సంగతి చెప్పవలెను. త్యాగరాజస్వామి 1847వ సంవత్సరమున పరమపదించిరి. అంత్యకాలమున వారు సన్యాసమును స్వీకరించిరి. సన్యాసుల దేహమును దహింపక సమాధి చేయుట ఆచారము. అందుచే కావేరీ తీరమున వారికి సమాధి యేర్పడెను. శిష్యులు నలుదెసలకు పోయిరి. కాలక్రమమున ఆ చోట ముండ్లపొదలు పెరిగెను. 1903లో ఆ పరంపరలోని శిష్యులు దానిని కొంత బాగుచేసిరి. ఏటేట ఆరాధనలు కూడ మొదలయ్యెను. కాని సమాధి మరల పాడుపడసాగెను. 1921లో మైసూరు విద్వాంసులైన బిడారం కృష్ణప్పగారు ఆ దుఃస్థితిని కన్నులార చూచి నాగరత్నమ్మకు లేఖ వ్రాసిరి.

ఆ లేఖ ఆమె జీవితమును మార్చివేసెను. అప్పుడామెకు నలువది మూడేండ్లు. తాను సంపాదించినదంతయు త్యాగరాజు పాటవలన వచ్చినదేకదా యని ఆమె తలంచెను. తన ఆస్తిని, ఆభరణములను అమ్మి, సమాధి చుట్టునున్న స్థలమును సంపాదించి, 1921వ సంవత్సరముననే శంకుస్థాపన చేయించెను. నాలుగైదేండ్లలో మందిరము పూర్తియై, త్యాగరాజస్వామి విగ్రహము ప్రతిష్ఠితమయ్యెను.

ఆరాధనోత్సవములను అప్పటికి విద్వాంసులు రెండు పక్షములుగా చీలి నడుపుచుండిరి. ఏ పక్షమువారును స్త్రీలను పాడనిచ్చుట లేదు. నాగరత్నమ్మ అనుమతి కోరెను. వారు నిరాకరించిరి. ఇల్లు కట్టిన వానిని వాకిటనే నిలువుమన్నట్లయ్యెను.

ఆమె కన్నీరు పెట్టుకొని మదరాసునకు మరలిపోలేదు. 1927లో స్త్రీలను కూర్చి మూడవ పక్షము నేర్పరచెను. పురుషులు మందిరము ముందు పాడుచుండగా, స్త్రీలు మందిరము వెనుక కూర్చుండి పాడిరి. ఏటేట ఆ పాట సాగెను. ఏటేట పాడు స్త్రీల సంఖ్య పెరిగెను. వినవచ్చిన జనులు వెనుకకు కూడ పోయి వినసాగిరి. తుదకు 1940వ సంవత్సర ప్రాంతమున పక్షములన్నియు ఏకమయ్యెను. స్త్రీలకు, పురుషులకు ఒక్క వేదిక యేర్పడెను. స్త్రీపురుషులందరు కలిసి పంచరత్నములను పాడు నేటి పద్ధతి అటు పిమ్మట నెలకొన్నది.

నాగరత్నమ్మ కడపటి దినములను తిరువయ్యారులోనే గడపెను. ఒకప్పుడు మదరాసులో వైభవముగా బ్రదికిన ఆమె, సమాధి సేవయే పనిగా నిరాడంబరముగా జీవించెను. మిగిలిన ఆస్తిని కూడ ఆ సేవకే వ్రాసియిచ్చెను. 1952వ సంవత్సరము మే నెల 19వ తేదీన ఆమె మరణించెను. త్యాగరాజ సమాధికి సమీపముననే ఆమెకును స్మారకము నిర్మించిరి. అందు ఆమె శిలావిగ్రహము చేతులు జోడించి గురుదేవుని మందిరమువైపు చూచుచుండును.

తనకు హక్కులేదన్న చోటును ఆమె విడిచి పోలేదు. తనను త్రోసిపుచ్చిన వారిని దూషించుటతో కాలము గడపలేదు. వెనుక చోటు దొరకగా వెనుకనే కూర్చుండి పాడెను. ఆమె పాటకు ఫలితముగా, ఆమె తరువాతి స్త్రీలు ముందు వరుసలో కూర్చుండిరి. నేడు ఆరాధనలో పాడు ప్రతి బాలికయు, తాను ఎరిగినను ఎరుగకున్నను, నాగరత్నమ్మకు ఋణపడియున్నది.