కీర్తిశేషులు డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు గారు

మన సంఘ వార్షిక సంచికలో స్వకులస్థుల చరిత్రములనే ప్రకటించుట వాడుక. పెర్కిట్టునందు జరుగు ఈ మహాసభ సంచికలో మేమా వాడుకను మీరితిమి. బోదకాలు నివారణకై మన నిజామాబాదు మండలమున ఇంటింటికి పంచిపెట్టిన బిళ్ళలలో డైఇథైల్ కార్బమజీన్ అనునది యొకటి. అది యొక తెలుగువాని ఆధ్వర్యమున వెలువడిన మందని మన పసుపు రైతులలో నెందరెరుగుదురు?

సుబ్బారావు గారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. ఇంట లేమి మిక్కుటము. పదమూడవయేట కాశికి పోయి యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింపవలెనని యిల్లు విడువగా, తల్లి వెంకమ్మగారు వెనుకకు రప్పించిరి. మెట్రిక్యులేషను మూడవ యత్నమున గాని దక్కలేదు. పరీక్ష తప్పిన పిల్లలను ఈసడించువారు ఈ వాక్యమును మరల చదువుదురు గాక. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి శస్త్రవైద్యాచార్యుని యాగ్రహమునకు గురియై, ఎం.బి.బి.ఎస్. పట్టమునకు మారుగా ఎల్.ఎం.ఎస్. మాత్రమే పొందిరి. ఇరువురు సోదరులు స్ప్రూ అను గ్రహణీ రోగముచే స్వల్పకాలములోనే గతించిరి. ఆ దుఃఖము వారిని విడువలేదు.

1922లో అమెరికాలోని బోస్టను నగరమునకు పోవుటకు మామగారును, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థయు తోడ్పడిరి. ఆ దాతయు, ఈ విద్యార్థియు ఒక కులమువారు కారు. మన విద్యానిధి పెద్దలకు ఈ సంగతి విన్నవించుచున్నాము.

అచట ఆసుపత్రిలో రాత్రివేళ కూలిపని చేసి పొట్టపోసికొనుచు, హార్వర్డు విశ్వవిద్యాలయమున సైరస్ ఫిస్కే గారి ప్రయోగశాలలో చేరిరి. 1925లో వా రిరువురు రక్తమూత్రములందలి భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించిరి. భాస్వరము మాలిబ్డేటుతో కూడి నీలవర్ణము దాల్చును. ఆ నీలిమ గాఢతనుబట్టి భాస్వరమెంతయో తెలియును. సులభమైన ఉపాయమే, కాని దానితోనే కండరముల గుట్టు బయటపడినది. 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఎ.టి.పి. వెల్లడియయ్యెను. అదే సంవత్సరమున జర్మనీలో లోమన్ గారును ఎ.టి.పి.ని కనుగొనిరి. ఎడినీను, రైబోసు చక్కెర, మూడు భాస్వర భాగములు కలిసిన ఈ పదార్థము కణమునకు శక్తినిచ్చు మూలధనము మాత్రమే కాదు, ఆర్.ఎన్.ఏ. గొలుసును కూర్చు నాలుగు పూసలలో నొకటి కూడ. ఇంత చేసినను హార్వర్డున వారికి స్థిరోద్యోగము లభింపలేదు.

1940లో లెడర్లీ పరిశోధనాలయమునకు పోయిరి. 1945లో వారి బృందము ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసెను. కణము రెట్టింపగుటకు నూతన న్యూక్లియిక్ ఆమ్లము కావలెను; దాని భాగములను నిర్మించుటకు ఫోలిక్ ఆమ్లము కావలెను. ఆ మందు స్ప్రూ రోగులకును గుణమిచ్చెను. సోదరులు పోయిన పిమ్మట ఇరువది యేండ్లు దాటినవి.

ఫోలిక్ ఆమ్లమును పోలి, దాని పనిని చేయక అడ్డగించు పదార్థమును తయారుచేసిన నేమగును? రక్తకాన్సరు కణములకు వృద్ధి నిలిచిపోవలెను గదా! అట్టి అమినోప్టెరిన్‌ను బోస్టనులో సిడ్నీ ఫార్బరు గారు పదునార్గురు పిల్లలకిచ్చి, పదిమందికి మేలు కనబడినదని 1948లో ప్రకటించిరి. ఆ మేలు కొన్ని మాసములదే. అయినను మెథోట్రెక్సేటు ఆ వంశములోనిదే. నేటికిని ఆసుపత్రులలో వాడుకలో నున్నది. బోదకాలు మందు 1947 నాటిది. డగ్గరు గారు కనుగొనిన ఆరియోమైసిన్ కూడ సుబ్బారావు గారి పర్యవేక్షణలోనే వెలువడెను.

ఒక్క విషయమున మేము వారిని పొగడజాలము. స్వదేశమున విడిచివచ్చిన భార్య శేషగిరిగారిని వారు మరల చూడలేదు. వారు వెడలిన పిమ్మట పుట్టిన కుమారుడు పసితనముననే పోయెను. శాస్త్రమునకు ఇల్లాలు చెల్లించిన వెల యిది. చరిత్రకారులు దీనిని ఒక పంక్తితో దాటవేయుదురు.

1948 ఆగస్టులో, ఏబదిమూడేండ్ల ప్రాయమున, నిదురలోనే గుండె ఆగి మరణించిరి. నోబెలు బహుమానము రాలేదు. 1995లో భారత ప్రభుత్వము వారి పేర తపాలా బిళ్ళను వెలువరించెను.